స్కార్ఫ్ కొసన ముడి

మా ఇంట్లో ఎడమచేత్తో ఏదైనా ఇస్తే మా అత్తమ్మ ఊరుకునేది కాదు. నేను కోడలిగా వచ్చిన కొత్తలో కుడిచేతిలో పళ్ళెం ఉందని నీళ్ళ చెంబు ఎడమచేత్తో అందించాను. ఆ సంగతి వాడకట్టు మొత్తానికి తెలిసేదాకా ఆమెకు నిద్రపట్టలేదు. అలాంటి ఇంట్లో పుట్టిన పిల్ల తొమ్మిదో తరగతిలో స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో చేరి, ఒకనాడు బడి నుంచి వచ్చీ రాగానే నాయనమ్మ ముందు నిటారుగా నిలబడి ఎడమచెయ్యి చాపింది.

“గిదేంది?” అంది అత్తమ్మ.

“చెయ్యి కలుపు అవ్వా. గైడ్స్‌ల మేం ఎడమచెయ్యే కలుపుతం. గుండె గీ దిక్కే ఉంటది కద.”

“గుండె ఏ దిక్కుంటే ఏంది, కడుక్కునేది గా చేత్తోనే కద! పో, పోయి సబ్బుతోని కడుక్కో.”

నేను నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయాను. నా బిడ్డ పట్టు వదల్లేదు. బడి నుంచి రాగానే ఎడమచెయ్యి చాపేది, తిట్లు తినేది, మళ్ళీ మర్నాడు చాపేది. మొండితనంలో అవ్వా మనవరాలూ ఒకరికొకరు తీసిపోరు.

మాది జడ్చర్ల. మా ఆయన మందుల కంపెనీలో షిఫ్టులకు పోతాడు. నేను పక్క ఊరి బడిలో పిల్లలకు తెలుగు చెబుతాను. మాకు ఒక్కతే బిడ్డ. తెలంగాణ వచ్చిన ఏడే పలక పట్టింది.

గైడ్స్‌లో ఇంకో పద్ధతి ఉంది. పొద్దున్నే మెడలో వేసుకునే స్కార్ఫ్ కొసకు చిన్న ముడి వేసుకోవాలి. ఆ రోజు ఎవరికైనా ఒక మంచి పని చేశాక విప్పాలి. మా పిల్ల దానికి తన సొంత షరతు ఒకటి చేర్చుకుంది. ముడి విప్పందే ఆటకు పోవద్దు. దాంతో మా వాడకట్టులో అందరికీ కష్టాలు మొదలయ్యాయి. వెనకింటి ముసలామెకు నీళ్ళు పడతానని పోయి, నిండిన డ్రమ్మునే మళ్ళీ నింపి, వాకిలంతా బురద చేసి వచ్చింది. ముసలామె కయ్యానికి వస్తే నేను సర్దిచెప్పి పంపాను. “నీ పుణ్యం పాడుగాను, ఇగ ఇప్పేయ్ ముడి” అన్నాను. గేటు బయట ఖో ఖో పిల్లలు ఎదురుచూస్తూ ఉండేవాళ్ళు. “ఇప్పినవానే?” అని అరిచేవాళ్ళు. “ఇప్పిన!” అని కేక వేసి పరుగెత్తేది. ఆ కేక ఎట్లా ఉండేదో రాసి చూపించడం నాకు చేతకాదు.

ఆ ఏడు పక్క రాష్ట్రంలో పెద్ద జంబూరి, అంటే స్కౌట్లు, గైడ్ల జాతర, జరిగింది. వేరే దేశాల పిల్లలు కూడా వచ్చారు. అక్కడ మా పిల్ల ఉన్న గుడారం పక్కనే నేపాల్ పిల్లల గుడారం. అందులో ఒక పిల్లతో దీనికి దోస్తీ కుదిరింది. ఆ పిల్ల టీవీ చూసి నేర్చిన శుద్ధమైన హిందీ మాట్లాడేది. మాది హైదరాబాదు హిందీ. నాలుగు దినాలు పోయేసరికి ఎవరి హిందీ గెలిచిందో నాకు తర్వాత ఫోన్లో వింటే తెలిసింది. ఎవరి తిండి వాళ్ళు వండిపెట్టే రోజున మా పిల్ల జొన్నరొట్టె చేసిందట. ఇంట్లో ఏనాడూ పిండి ముట్టని మనిషి. రొట్టె అటు సాగి ఇటు చీలి ఎట్లెట్లనో వచ్చిందట. అది చూపించి, “నీ కోసమే మీ నేపాల్ పటం చేసిన, తిను” అన్నదట. ఆ పిల్ల నమ్మి, తిన్నదట.

జంబూరి చివరి రోజున పిల్లలు స్కార్ఫులు మార్చుకుంటారు. మళ్ళీ చూసుకుంటామో లేదో అని ఒకరిది ఒకరు మెడలో వేసుకుని పోతారు. వీళ్ళిద్దరూ మార్చుకోలేదు. ఇప్పుడే మార్చుకుంటే మళ్ళీ కలవడానికి పనేముంటుంది, కలిసిన నాడే మార్చుకుందాం అని మాట ఇచ్చుకున్నారు. మా పిల్ల ఇంటికి వచ్చి ఆ సంగతి చెబితే నేను మెచ్చుకోలేదు కూడా. “అంత దూరం పోయి ఉన్న స్కార్ఫుతోనే వచ్చినవా?” అన్నాను.

తర్వాత ఆదివారాలు ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళు. ఫోను నాదే కాబట్టి వాళ్ళ ముచ్చట్లన్నీ నా చెవిన పడేవి. ఒకసారి ఆ పిల్ల వాళ్ళ ఇంటి వెనక ఉన్న కొండ చూపించింది. మా పిల్ల ఊరుకుంటుందా, డాబా ఎక్కి మా ఊరి గుండ్ల గుట్ట చూపించింది. “అది కొండనా? రాళ్ళ కుప్ప” అంది ఆ పిల్ల. ఇది అలిగి ఫోను పెట్టేసింది. మళ్ళీ గంట కాకముందే తనే చేసింది.

మరుసటి ఏడు పంద్రాగస్టు నాడు పొద్దున్నే ముడి వేసుకుని బడికి పోయింది. జెండా ఎగరేయకముందే కళ్ళు తిరుగుతున్నాయని టీచరు ఆటోలో ఇంటికి తోలింది. ఒళ్ళు పెనంలా కాలుతోంది. మెడలో స్కార్ఫు నేనే తీసి తలుపు వెనక కొక్కేనికి వేశాను. డెంగీ అన్నారు. మహబూబ్‌నగర్ దవాఖానకు, అక్కడి నుంచి పట్నానికి తీసుకుపోయాం. పట్నం నుంచి బిడ్డను తెచ్చి మట్టి చేశాం. దీని గురించి ఇంతకంటే రాయలేను.

పోయినవాళ్ళ బట్టలు ఇంట్లో ఉంచొద్దంటారు. చుట్టాలు వచ్చి ఆమె బట్టలన్నీ మూటగట్టారు. గైడ్ యూనిఫారం కూడా ఆ మూటలోనే పోయింది. తలుపు వెనక ఉన్న స్కార్ఫు వాళ్ళ కంటపడలేదు. నేను తీసి బీరువాలో పట్టుచీరల కింద పెట్టాను. ఉతకలేదు. ముడి విప్పలేదు. మొదట్లో దానికి కొబ్బరినూనె వాసన, చెమట వాసన ఉండేవి. పోనుపోను బీరువా వాసనే మిగిలింది. అయినా తీసి ముక్కుకు పెట్టుకునేదాన్ని. నా బిడ్డది అని చెప్పుకోవడానికి నా దగ్గర ఉన్న బట్ట అదొక్కటే.

నేపాల్ పిల్లకు మా ఆయనే ఫోన్ చేసి చెప్పాడు. ఆ పిల్ల ఏడుపే వినబడిందట. తర్వాత పండగలకు నాకు నమస్తే అని పంపేది. నేను చూసేదాన్ని, జవాబు ఇచ్చేదాన్ని కాదు.

మొన్నీమధ్య మా పిల్లకు గైడింగ్ నేర్పిన టీచరు ఫోన్ చేసింది. “మేడం, నేపాల్ నుంచి గైడ్స్ పిల్లలు క్యాంపుకు వచ్చిన్రు. నిన్న వాళ్ళను భువనగిరి గుట్ట ఎక్కించుకొచ్చినం. మీ పాప దోస్తు కూడ వచ్చింది. మీ ఇంటికి పోదామని ఒక్కటే తీరు అడుగుతాంది. తీసుకరావాల్నా?”

నాకు కోపం వచ్చింది. వచ్చి ఏం చేస్తుంది, నన్ను ఏడిపించి పోవడం తప్ప? “వద్దని చెప్పు” అని మా ఆయనకు ఫోను ఇచ్చాను. ఆయన ఫోను తీసుకుని, “రమ్మను టీచరమ్మా” అన్నాడు. నేను ఆయనతో మాట మానేసి, జొన్నపిండి తడిపి, పుంటికూర వండాను.

ఆ పిల్ల టీచరుతో కారు దిగింది. ఫోన్లో చూసిన మనిషి కాదు, బాగా పొడుగైంది. గుట్ట ఎక్కిన ఎండకు ముక్కు మీద చర్మం కమిలింది. నా బిడ్డ కూడా ఈపాటికి ఇంత ఎత్తు అయ్యేది అనుకున్నాను. ఆ వెంటనే వచ్చిన ఆలోచన మంచిది కాదు. నువ్వు బాగానే ఉన్నావు కదా అనుకున్నాను.

లోపలికి వచ్చి అత్తమ్మ కాళ్ళకు మొక్కింది. అత్తమ్మకు చూపు తగ్గింది. ఆ పిల్ల మెడలోని స్కార్ఫును తడిమి చూసింది. తర్వాత తన ఎడమచెయ్యి చాపింది.

“గీ చెయ్యే కద బిడ్డా మీది” అంది.

ఆ పిల్ల తన ఎడమచెయ్యి కలిపింది. మా ఆయన గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

తినేటప్పుడు ఆ పిల్ల నా రొట్టెను అటూ ఇటూ తిప్పి చూసింది. “ఇది గుండ్రంగా ఉందేంటి?” అని అడిగింది. జొన్నరొట్టె వంకరటింకరగానే ఉంటుందని ఇన్నాళ్ళూ అనుకుందట. మా ఆయన నవ్వాడు. చాలా రోజులకు ఆయన నవ్వు విన్నాను. ఇంకో రొట్టె వేయబోయాను.

“నక్కో ఆంటీ, బస్” అంది.

నా చెయ్యి ఆగిపోయింది. నేపాల్‌లో నక్కో ఎక్కడిది? వద్దు అనడానికి అది మా ఇంటి మాట. నా బిడ్డ ఆ పిల్ల నోట్లో పెట్టి వచ్చిన మాట. సాగదీయడం కూడా అదే సాగదీయడం.

తిన్నాక తన మెడలోని స్కార్ఫు తీసి, నాలుగు మడతలు పెట్టి నా చేతిలో పెట్టింది. హిందీలో చెప్పింది, నేను తెలుగులో రాస్తున్నాను. “ఇది ఆమెది ఆంటీ. కలిసినప్పుడు ఇస్తానని మాట ఇచ్చాను. ఆమెది ఇవ్వమని అడగడానికి రాలేదు. ఇచ్చిపోదామని వచ్చాను.”

నేను లోపలికి పోయి బీరువా తలుపు తీసుకుని నిలబడ్డాను. వీళ్ళు మార్చుకుందాం అనుకున్నారు. నా బిడ్డ మాట ఇచ్చింది. కానీ ఇవ్వాల్సింది ఇప్పుడు నేను. నా దగ్గర ఇంకేముంది? దేశాలు దాటి వచ్చి ఈ ఒక్కటి కూడా తీసుకుపోతావా అని లోపల్లోపల ఆ పిల్లను తిట్టాను. అడగలేదు కదా పాపం, అయినా తిట్టాను. అడిగి ఉంటే ఇవ్వనని చెప్పేదాన్ని. అడగలేదు కాబట్టే నాకు కష్టమైంది. స్కార్ఫు బయటికి తీశాను, మళ్ళీ చీరల కింద పెట్టాను.

బయట అత్తమ్మ ఆ పిల్లకు తెలుగులో ఏవో సుద్దులు చెబుతోంది. నీళ్ళు కాచి తాగు, దోమలు కుట్టకుండ చూసుకో, ఎండల తిరగకు. ఆ పిల్లకు ఒక్క ముక్క అర్థమయ్యి ఉండదు.

“హౌ అవ్వా” అంటోంది. “హౌ, హౌ.”

నాయనమ్మ నస పెట్టినప్పుడల్లా నా బిడ్డ తప్పించుకోవడానికి అవునవునంటూ అనే మాట అదే. సరిగ్గా అట్లాగే, తల ఊపుకుంటూ. స్కార్ఫుకు నూనె వాసన పోయి ఎన్నాళ్ళో అయింది. ఈ మాట మాత్రం నేపాల్‌లో ఎవరింట్లోనో ఇన్నాళ్ళూ చెక్కుచెదరకుండా ఉంది. నేను స్కార్ఫు తీసుకుని బయటికి వచ్చాను.

ఆ పిల్ల రెండు చేతులా అందుకుంది. కొస చూసింది. ముడి చూసి ఆ పిల్ల ముఖం మారిపోయింది.

“విప్పలేదా?”

“ఆ రోజు ఏ పనీ చేయకముందే జ్వరం వచ్చింది” అన్నాను.

స్కార్ఫు తిరిగి నా వైపు చాపింది. “అయితే నేను విప్పకూడదు ఆంటీ. మంచి పని చేసినవాళ్ళే విప్పాలి. ఇవాళ చేసింది మీరు.”

ముడి బిగుసుకుపోయింది. గోళ్ళతో రాలేదు. చిన్నప్పుడు నా బిడ్డ లంగా బొందు ముడిపడితే నేను పళ్ళతో లాగేదాన్ని. అట్లాగే పళ్ళతో పట్టి లాగాను. వదులైంది. నేను ముట్టుకుని ముట్టుకుని బట్టంతా మాసిపోయింది కానీ ముడి లోపలి బట్ట శుభ్రంగా, నీలంగా ఉంది. మడత సాపు చేసి ఆ పిల్ల మెడలో వేశాను. నన్ను గట్టిగా పట్టుకుంది. టీచరు వాకిట్లో నుంచి పొద్దుపోతోందని పిలిచింది.

కారు మలుపు తిరిగేదాకా నిలబడ్డాను. లోపలికి రాబోతుంటే తట్టింది నాకు. ఆ ముడి నా బిడ్డ తన చేతులతో వేసింది. ఈ ఇంట్లో ఆమె చేసిన ఆఖరి పని అదే. పళ్ళతో పట్టి మరీ విప్పేశాను. కారు వెనక పరుగెత్తి ఏం లాభం? మళ్ళీ వేస్తే అది నేను వేసిన ముడే అవుతుంది. గడపలోనే కూర్చున్నాను.

అత్తమ్మ గోడ పట్టుకుని వచ్చి నా పక్కన కూలబడింది.

“ముడి ఇప్పినవా?”

“ఇప్పిన.”

“మంచిగైంది పో. గిన్ని దినాలసంది ఆటకు పోకుంట కూసున్నది పిల్ల. ఇగ పోతది.”

బిడ్డను మట్టి చేసిన నాడు కూడా నేను అంత గట్టిగా ఏడవలేదు.