మంగళవారం బిళ్ల

నరసాపురం రేవుకు దగ్గర్లో ఒక పేట. అక్కడ ప్రసన్నకుమారి లేసు అల్లుతుంది. మాట్లాడుతూ అల్లుతుంది, పాలు పొంగేదాకా పొయ్యి దగ్గర నిలబడి అల్లుతుంది. భర్త శ్యాంబాబు మనుషుల్నీ మోటారుసైకిళ్లనీ గోదావరి దాటించే పంటు మీద పనిచేస్తాడు. ఒక్కతే కూతురు క్రిస్టినా, రెండో తరగతి.

ఆ పిల్ల పొద్దుటిపూట కుంటడం మొదలుపెట్టినప్పుడు ఇంట్లో ఎవరూ నమ్మలేదు. మంచం దిగి గోడ పట్టుకుని ముసలమ్మలా నడిచేది. బడికి వేళ దాటాక మామూలుగా ఉండేది. సాయంత్రం తొక్కుడుబిళ్ల ఆడేది.

"బడికైతే కాలునొప్పి, ఆటకైతే లేదేంటే?" అని ప్రసన్న తిట్టింది. ఒక రోజు మోకాలి మీద చెయ్యి వేస్తే వెచ్చగా, ఉబ్బి తగిలింది. ఎక్కడో పడి ఉంటుందని కట్టు కట్టించారు. కట్టు విప్పాక కాలు ఇంకా బిగుసుకుంది. చివరికి ఊళ్లో పిల్లల డాక్టరు రాజమండ్రి పంపాడు.

అక్కడ హేమశ్రీ గారు పిల్లల కీళ్లజబ్బులు చూస్తారు. "పొద్దున్న లేవగానే ఎలా ఉంటుందండి? మధ్యాహ్నానికి ఎలా ఉంటుంది?" అని అడిగారు. అంతవరకూ ఆ మాట ఎవరూ అడగలేదు. ప్రసన్న చెబుతూ చెబుతూ ఏడ్చేసింది.

"పాప నటించలేదండి. ఈ జబ్బులో పొద్దున్నే కీళ్లు పట్టేస్తాయి, కాస్త తిరిగితే వదులవుతాయి."

"చిన్నపిల్లలకి కూడా వస్తుందాండి వాతం?"

"వస్తుందండి. మీ తప్పూ కాదు, పాప తప్పూ కాదు."

రక్తపరీక్షలు చేశారు. ఈ జబ్బు చడీచప్పుడూ లేకుండా కంట్లోకి కూడా దిగొచ్చని కళ్లు చూపించమన్నారు. తర్వాత బిళ్లలు రాశారు. వారానికి ఒక్కసారే, రోజూ కాదు అని ప్రసన్న చేత రెండుసార్లు చెప్పించుకున్నారు. మరిచిపోకుండా ఉంటుందని ప్రసన్న మంగళవారం పెట్టుకుంది. ఆ సాయంత్రం చర్చిలో స్త్రీల సమాజం ఉంటుంది.

బిళ్ల పడితే క్రిస్టినాకు కడుపులో తిప్పేది. "సోమవారం తర్వాత బుధవారం పెట్టెయ్యమ్మా, ఎవరికీ తెలీదు" అనేది.

వేసవి వచ్చేసరికి వాపు పోయింది. పిల్ల రేవుదాకా పరుగెత్తి నాన్నకు క్యారేజీ ఇచ్చి వచ్చింది. ఆ వారమే కృతజ్ఞత కూడిక పెట్టుకున్నారు. వీధిలో కుర్చీలు వేశారు. పాస్టరు అయ్యగారు ప్రార్థన చేశారు. ప్రసన్న లేచి, "ప్రభువు మా పాపని పూర్తిగా బాగుచేశాడు" అని సాక్ష్యం చెప్పింది. పేటంతా ఆమేన్ అని భోజనాలకు కూర్చుంది.

తర్వాతి మంగళవారం బిళ్ల అరచేతిలో పెట్టుకుని ప్రసన్న ఆగిపోయింది. తలుపు తీసి ఉంది. వీధిలో ఆడవాళ్లు సమాజానికి వెళ్తున్నారు. బాగైందని పదిమందిలో చెప్పి మళ్లీ మందు మింగిస్తే, దేవుణ్ణి సగమే నమ్మినట్టు కాదా? బిళ్ల డబ్బాలో వేసేసింది. క్రిస్టినా గంతులేసింది. ఆ పై మంగళవారం అంత ఆలోచన కూడా పట్టలేదు. శ్యాంబాబుకు చెప్పలేదు.

వానలు పడ్డాక ఒక పొద్దున్న పిల్ల మంచం మీద నుంచి, "అమ్మా, ఎత్తుకో" అంది. చీలమండ ఉబ్బింది. ముగ్గురూ రాజమండ్రి వెళ్లారు.

హేమశ్రీ గారు రెండు కాళ్లూ నెమ్మదిగా వంచి చూశారు. "బిళ్ల తప్పకుండా వేస్తున్నారు కదండీ?"

"వేస్తున్నామండి" అంది ప్రసన్న.

"అయితే ఇది పాపకి చాలడం లేదన్నమాట. ఇంకా గట్టి మందుకి వెళ్లాలి. ఇంజెక్షన్లు." ఆవిడ రాయడం మొదలుపెట్టారు.

"నాకా?" అంది క్రిస్టినా.

పెన్ను కదులుతోంది. ప్రసన్న దాన్నే చూసింది.

"వెయ్యలేదండి. కూడిక పెట్టామండి, బాగైందని చెప్పేశాను. ఆ రోజు నుంచి మానేశానండి."

శ్యాంబాబు ఆమె వైపు తిరిగాడు. "నాతో అనలేదేంటి ప్రసన్నా?" అన్నాడు, అంతే. హేమశ్రీ గారు రాసింది కొట్టేశారు.

"చెప్పారు, నయం. లేకపోతే అక్కర్లేని మందు ఎక్కించేదాన్ని. జబ్బు పోలేదండి, బిళ్ల వల్ల అణిగింది. చాలామంది పిల్లలకి కొన్నాళ్లకి ఆపేస్తాం కూడా. ఎప్పుడన్నది నేను చెబుతాను. రక్తపరీక్ష చేసి మళ్లీ అదే మొదలుపెడదాం."

"మరి నేను చెప్పిన సాక్ష్యం అబద్ధమేనాండి?"

"అది నాకు తెలీదండి. నేను కీళ్లే చూస్తాను."

క్రిస్టినాకు నవ్వొచ్చింది.

మంగళవారం సమాజంలో పాటలయ్యాక ప్రసన్న లేచి నిలబడింది.

"మా పాపకి జబ్బు తిరగబెట్టిందండి. బాగైందని మందు మాన్పించాను. ఇవాళ మళ్లీ బిళ్ల వేసే వచ్చాను. ఇంకా చాలాకాలం వేస్తాను. ప్రార్థన చెయ్యండి."

ఎవరూ ఆమేన్ అనలేదు. ముందు చాప మీద మాణిక్యాంబ, పేటలో అందరికంటే పెద్దావిడ, వెనక్కి తిరిగింది.

"నేను బీపీ బిళ్ల వేసుకోకుండా ఏనాడైనా ప్రార్థనకి వచ్చానేంటే? కూర్చో. ప్రార్థనయ్యాక వెళ్లి పిల్లకి చీకటి పడకముందే అన్నం పెట్టు."

ఆడవాళ్లు నవ్వారు. ప్రసన్న కూర్చుంది. పక్కావిడ జరిగి చోటిచ్చింది.