చెవుల మామ

గుండీల ఫ్యాక్టరీ ఎలక్ట్రీషియన్‌ని అందరూ చెవుల మామ అంటారు. స్క్రూడ్రైవర్ మొన మోటారుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, లోపల ఏది అరిగిందో చెప్పేస్తాడు. ప్యాకెట్‌కి వంద గుండీలు లెక్కపెట్టే యంత్రానికి పోయిన నెల సెన్సర్ వైరు మార్చింది ఆయనే. ఈరోజు ప్యానెల్ తెరిస్తే, ఆ వైరు వేగంగా లెక్కపెట్టే పాయింటులో కాక పక్కనున్న మామూలు దాంట్లో ఉంది. జారిపడే గుండీల్లో కొన్ని దాని లెక్కకు అందక, ప్రతి ప్యాకెట్‌లోనూ వందకు మించి పడ్డాయి. సరుకు తగ్గుతోందని, యంత్రం నడిపే అక్కకు దొంగ అని పేరుపెట్టి నిన్ననే పనిలోంచి పంపేశారు. మామ రిటైర్మెంటుకు నాలుగు నెలలుంది. చప్పుడు చేయకుండా వైరు చోటు మార్చాడు. సాయంత్రానికి లెక్క కుదిరింది.

"చూశావా మామా, ఆవిడ పోయింది, లెక్క సరిపోయింది," అన్నాడు సూపర్‌వైజర్.

"ఊఁ... అంతేగా," అని మామ స్క్రూడ్రైవర్ మొన పక్కనున్న మోటారుకు ఆనించి పిడి చెవికి పెట్టుకున్నాడు. ఆ మోటారు అప్పటికే ఆపేసి ఉంది.