వాల్ట్ తాతకు రెండు పుట్టినరోజులు

తప్పులు పట్టడం కొందరికి గుణం, కొందరికి జబ్బు. త్రివేణికి మాత్రం అది ఇరవై నాలుగేళ్ల కొలువు. టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో, లాస్ కొలీనాస్ అద్దాల మేడల్లో ఆమె సాఫ్ట్‌వేర్ టెస్టర్. ఎవరో రాత్రింబవళ్లు కూర్చుని రాసిన ప్రోగ్రామ్‌ను తీసుకుని, మామూలు మనుషులు నొక్కని చోట నొక్కి, "ఇదిగో, ఇక్కడ విరిగింది" అని చూపించడం ఆమె పని. చూపించిన ప్రతిసారీ ఎవరిదో ఒకరి మొహం మాడేది. త్రివేణి దానికి అలవాటు పడిపోయింది.

యాభై ఎనిమిదో ఏట ఆ కొలువు పోయింది. ఒక మంగళవారం పొద్దున పదకొండు నిమిషాల వీడియో కాల్‌లో పోయింది. ఆ తర్వాత రెండేళ్లు అప్లికేషన్లు పెట్టింది. కూతురి వయసు పిల్లలు ఇంటర్వ్యూ చేసి, ఎంతో మర్యాదగా నవ్వి, మళ్లీ ఫోన్ చేస్తామన్నారు. ఒక్కరూ చేయలేదు. అప్పటినుంచి ఆమె చూపు ఇంటిమీద పడింది. అలమరలో డబ్బాల మూతలు మారాయని, గోడమీది ఫొటో వేలెడు వంకరగా ఉందని, పొద్దస్తమానం ఏదో ఒకటి.

భర్త శశికాంత్ సూర్యాపేట మనిషి. ఓపిక ఎక్కువ, నోరూ ఎక్కువే. "ఏందే, ఇప్పుడు నన్ను టెస్ట్ చేస్తున్నవా? పప్పుల ఉప్పు సరిపోయింది. ఇగ నీ కంప్లైంట్ టికెట్ క్లోజ్ చెయ్యి," అనేవాడు.

"పప్పులో ఉప్పు సరిపోయింది. మీ చొక్కా గుండీలే ఒకటి దాటేసి పెట్టుకున్నారు," అనేది ఈ రేపల్లె ఆడపడుచు.

ఆ రోజుల్లోనే లైబ్రరీ బోర్డు మీద ఒక కాగితం కనిపించింది. పిల్లల టీవీ సీరియల్‌కు కంటిన్యుటీ చూసే మనిషి కావాలట. సినిమావాళ్లు కథను వరసగా తీయరు. ఒక గదిలో జరిగేవన్నీ ఒక రోజు, ఇంకో గదిలోవి ఇంకో నెల తీస్తారు. అతికిస్తే అన్నీ కలవాలి. ఈ ముక్కలో ఎడమచేతిలో ఉన్న కప్పు తర్వాతి ముక్కలో కుడిచేతిలోకి దూకకూడదు. అది కనిపెట్టి ఉండటమే కంటిన్యుటీ. డైరెక్టర్ కోలీన్ ముప్పై అయిదేళ్ల పిల్ల. నమూనాగా తీసిన నాలుగు నిమిషాల వీడియో చూపించి, "ఏమైనా తేడా కనిపించిందా?" అని అడిగింది.

త్రివేణి పదకొండు చెప్పింది.

అలా అరవయ్యో ఏట ఆమెకు కొత్త కొలువు దొరికింది. ఆ సీరియల్ పేరు 'హాలోవెల్ గ్యారేజ్'. డిసెంబర్ ఒకటి నుంచి ఇరవై నాలుగు దాకా రోజూ సాయంత్రం ఆరున్నరకు పావుగంట. హాలోవెల్ వాళ్ల ఇంటి గ్యారేజ్ రిమోట్‌లో ఏ సంవత్సరం నొక్కితే తలుపు ఆ సంవత్సరపు క్రిస్మస్‌లోకి తెరుచుకుంటుంది. మొదటి రోజే వాల్ట్ తాత అలా వెళ్లి కాలంలో తప్పిపోతాడు. నోరా, శామ్ అనే ఇద్దరు మనవలు రోజుకొక సంవత్సరంలో ఆయనను వెతుకుతారు. తప్పిపోయిన మనిషిని తిరిగి తెచ్చే ఉపాయం అయిదో భాగంలో తెలుస్తుంది. క్రిస్మస్ ముందురోజు, ఆ మనిషి పుట్టిన తేదీని రిమోట్‌లో నొక్కాలి. ఒక్కసారి తప్పితే ఇంకొక్క అవకాశమే ఉంటుంది.

ఆగస్టు నుంచి ఇర్వింగ్‌లో ఒక గోడౌన్‌లో షూటింగ్. బయట నూట నాలుగు ఫారెన్‌హీట్ డిగ్రీల ఎండ, లోపల కాగితపు మంచు. త్రివేణి చేతిలో ఒక లావుపాటి నోట్‌బుక్. ఎవరి మఫ్లర్ ఎన్ని చుట్లు తిరిగిందో, ఎవరి బూటు మీద మంచు ఎంత పడిందో అంతా అందులో ఉండేది. మొదట్లో ఆమె చెయ్యెత్తితే చాలు, లైట్లవాళ్ల దగ్గరనుంచి అందరూ నిట్టూర్చేవాళ్లు. నవంబర్‌కల్లా చెయ్యెత్తకపోయినా ఒకసారి ఆమె వైపు చూసి మొదలుపెట్టేవాళ్లు. ఇంట్లో ఫొటోలు వంకరగానే ఉండిపోయాయి. వాటిని పట్టించుకునే తీరిక ఆమెకు లేదు.

సీరియల్ మొదలైంది. పక్క ఊరు కాపెల్‌లో కూతురు స్మృతి ఇంట్లో మనవరాలు దియ సాయంత్రం ఆరున్నర కల్లా టీవీ ముందు పీట వేసేది. పంతొమ్మిదో తేదీన, భాగం అయిపోయిన అయిదు నిమిషాలకు త్రివేణి ఫోన్ మోగింది.

"అమ్మమ్మా, యూ మెస్డ్ అప్."

"ఏం చేశానే?"

"ఇవాళ వాల్ట్ చిన్నబాబు కదా. కేక్ కట్ చేశాడు కదా. బర్త్‌డే డిసెంబర్ ట్వంటీఫోర్ అన్నారు. కానీ ఎపిసోడ్ టూలో ఆయన డ్రైవింగ్ లైసెన్స్ చూపించారు. నేను పాజ్ చేశాను. అందులో జులై వన్ ఉంది!"

"ఉంటే?"

"ఉంటే ఏంటి అమ్మమ్మా! ఒక మనిషికి టూ బర్త్‌డేస్ ఎలా ఉంటాయ్?"

ఆ లైసెన్స్ మీద తేదీ వేసింది త్రివేణే. సెట్‌కు వస్తువులు తయారుచేసేవాళ్లు ఖాళీ వదిలి, "ఏదో ఒక తేదీ వేసెయ్యండి" అన్నారు. చెయ్యి దానంతటదే జూలై ఒకటి వేసింది. నెల తర్వాత పంతొమ్మిదో భాగం స్క్రిప్టు వచ్చింది, వాల్ట్ క్రిస్మస్ ముందురోజు పుట్టాడని ఉంది. అదీ చదివింది. ఆమె కంటికి అందులో తేడా ఏమీ కనిపించలేదు. కప్పు ఏ చేతిలో ఉందో పట్టుకునే కన్ను అది!

శశికాంత్ విషయం విని పడీ పడీ నవ్వాడు. "మనింట్ల ఇద్దరం, నాలుగు బర్త్‌డేలు. పాపం ఆ తెల్లాయనకి రెండుంటే లోకం మునుగుతదా?"

"నవ్వకండి. ఇంకో ఉద్యోగం ఎవరిస్తారు నాకు?"

ఆయన నవ్వు ఆపాడు. "టీ పెడతా, కూసో," అన్నాడు.

తెల్లారేసరికి పట్టుకున్నది దియ ఒక్కతే కాదని తేలింది. ఛానల్‌కు ఈమెయిల్‌లో పిల్లల ఉత్తరాలు వందల్లో వచ్చాయి. కొందరు లైసెన్స్ బొమ్మకు ఎర్ర సున్నాలు చుట్టి మరీ పంపారు. గోడౌన్‌లో బల్ల చుట్టూ కోలీన్, కథ రాసే డెరిక్, స్పీకర్ ఫోన్‌లో ఛానల్ మేనేజర్ బ్రెంట్. చివరి భాగం తీసి పెట్టి ఉంది. అందులో పిల్లలు డిసెంబర్ ఇరవై నాలుగు నొక్కుతారు, తలుపు లేస్తుంది, తాత వస్తాడు. ఇప్పుడు దాన్ని ఏ పిల్లా నమ్మదు.

"రెండో భాగంలో లైసెన్స్ చెరిపేద్దాం," అన్నాడు డెరిక్.

"చూసేసిన పిల్లల కళ్లలోంచి ఎలా చెరుపుతావ్?" అంది కోలీన్.

"క్షమాపణ వేద్దాం," అంది ఫోన్‌లోని గొంతు. "మధ్యాహ్నానికల్లా. కంటిన్యుటీ చూసినావిడను ఇక్కడితో పంపించేయండి. ఆమెను పెట్టుకున్నదే ఇందుకు కదా."

కోలీన్ త్రివేణి వైపు తిరిగింది. కోపంకంటే ఆశ్చర్యమే ఎక్కువ. "మీరెలా మిస్సయ్యారు? మీరు?"

"మిస్సవలేదు," అంది త్రివేణి. ఆ మాట అన్నాక అది ఎంత నిజమో ఆమెకే తెలిసింది. నోట్‌బుక్ తీసి, సెప్టెంబర్ పేజీ తిప్పి బల్లమీద పెట్టింది. తన చేతిరాతే: 'వాల్ట్. కాగితం మీద జూలై 1. అసలు డిసెంబర్ 24. ఓకే.'

డెరిక్ ముందుకు వంగి చదివాడు.

"ఓకే అంటే?" అన్నాడు డెరిక్. "ఇది ఓకే ఎలా అవుతుంది?"

త్రివేణి చెప్పింది. రేపల్లెలో తనను బడిలో వేయడానికి నాన్న తీసుకెళ్లాడు. ఎప్పుడు పుట్టిందని హెడ్మాస్టరు అడిగితే, మార్గశిరమాసం, తెల్లవారుజాము, పెద్ద గాలివాన అన్నాడు నాన్న. హెడ్మాస్టరు కళ్లజోడు సర్దుకుని, ఒకటో తరగతికి వయసు సరిపోవాలి కాబట్టి జూలై ఒకటి అని రాసేశారు. ఆ క్లాసులో నలభై రెండుమంది పిల్లలుంటే పంతొమ్మిది మంది జూలై ఒకటినే పుట్టారు. ఆ తేదీతోనే చదువు, పాస్‌పోర్టు, వీసా, గ్రీన్‌కార్డు. ఆఫీసులో అరవై సంతకాలతో గ్రీటింగ్ కార్డు వచ్చేది కూడా ఆ తేదీకే. అమ్మ మాత్రం ఏటా మార్గశిరంలో తిథి చూసుకుని తలంటి పోసేది.

"మా ఇంట్లో, మా చుట్టాల్లో, స్నేహితుల్లో అందరికీ రెండేసి," అంది త్రివేణి. "అందుకే తప్పనిపించలేదు. మీ వాల్ట్‌కి రెండు తేదీలుంటే, ఆయనా మాలాంటి వాడే అనుకున్నాను."

డెరిక్ నవ్వబోయి ఆగిపోయాడు. "ఇందులో అసలుది ఏది మరి?"

"సర్కారుకి ఒకటి, అమ్మకి ఒకటి. మీ తలుపు ఎవరి మాట వింటుంది?"

కోలీన్ కుర్చీలోంచి లేచి నిలబడింది.

త్రివేణి ఆపలేదు. రెండేళ్లుగా ఎవరూ అడగని మనిషి, అడిగాక ఆగుతుందా? వాల్ట్ పుట్టింది పశ్చిమ టెక్సాస్‌లో పత్తి చేల మధ్య అని నాలుగో భాగంలోనే ఉంది కదా. మంచు తుఫానులో, మంత్రసాని చేతుల్లో పుట్టాడు. కోర్టు కచేరీ అరవై మైళ్ల దూరం. చేనుపని తెమిలి తండ్రి రిజిస్ట్రీకి వెళ్లేసరికి ఎండాకాలం. గుమస్తా ఆ రోజు తేదీయే వేసేశాడు. పిల్లలు చివరి రోజు లైసెన్స్ చూసి జూలై ఒకటి నొక్కుతారు. తలుపు కదలదు. ఇంకొక్క అవకాశమే మిగిలింది. అప్పుడు నోరాకు పంతొమ్మిదో భాగంలో కేక్ పెట్టిన తల్లి గుర్తొస్తుంది. గుమస్తా ఆ గదిలో లేడు, తల్లి ఉంది.

"ఒక్క సీను. రెండు నిమిషాలు. సెట్ ఇంకా విప్పలేదు," అని ముగించింది.

స్పీకర్ ఫోన్‌లోంచి బ్రెంట్ అన్నాడు: "ఉత్తరాలు రాసిన పిల్లలకు ఏం చెప్పమంటారు?"

"మీకే ముందు తెలిసింది, ఇరవై నాలుగున చూడండి అని చెప్పండి," అంది త్రివేణి.

"రేపు తీసి చూపించండి. బాగుంటే ఉంచుతాను. లేదంటే క్షమాపణే. ఆమెను పంపించడమూ దాంతోపాటే."

మర్నాడు పొద్దున్నే అందరూ వచ్చారు. నోరా వేషం వేసే పిల్ల నవ్వుతూ నోరు తెరిచింది. ముందు పన్ను లేదు! నిన్నే ఊడిందట. అటూ ఇటూ సీన్లలో నిండు పలువరస, మధ్యలో ఈ కిటికీ. డెరిక్ నెత్తి పట్టుకున్నాడు. త్రివేణి నోట్‌బుక్ తిప్పింది. దీని ముందు ముక్కలో నోరా మెడలో ఎర్ర మఫ్లర్ రెండు చుట్లు ఉంది. "మూడో చుట్టు ముక్కుదాకా రానివ్వండి. తలుపు తెరుచుకోకపోతే గ్యారేజ్‌లో చలేగా. కళ్లు చాలు, ఈ పిల్ల కళ్లతో చెప్పగలదు." ఆ పిల్ల చెప్పింది. మొదటి తేదీకి తలుపు కదలనప్పుడు ఆ కళ్లు చూసి లైట్లాయన తన కళ్లు తుడుచుకున్నాడు. సాయంత్రానికి బ్రెంట్ దగ్గరనుంచి ఒక్క మాట మెసేజ్ వచ్చింది: ఉంచండి.

ఇరవై నాలుగున స్మృతి ఇంట్లో వీధి పిల్లలంతా చేరారు. వంటింట్లో గారెలు వేగుతున్నా ఎవరూ అటు పోలేదు. శామ్ జూలై ఒకటి నొక్కాడు. తలుపు కదలలేదు. "తెలుసు! నాకు తెలుసు!" అని దియ సోఫా ఎక్కింది. నోరా రెండో తేదీ నొక్కింది. తలుపు లేచింది. మంచులోంచి వాల్ట్ తాత నడిచొచ్చాడు. ఇల్లు ఎగిరిపోయేలా కేకలు.

"అమ్మమ్మా, మిస్టేక్ కాదన్నమాట! ముందే ప్లాన్ చేశావా?"

"మిస్టేకేనే తల్లీ," అంది త్రివేణి. "కానీ మంచి మిస్టేక్."

"ఒప్పుకున్నది!" అన్నాడు శశికాంత్ అల్లుడితో. "ముప్పై అయిదేండ్ల కాపురంల ఫస్ట్ టైం. రాసి పెట్టుకో."

తర్వాతి వారంలో ఛానల్‌కు వచ్చిన ఉత్తరాలు పిల్లలవి కావు. లబ్బక్ దగ్గర పత్తి పండించే ఎనభై ఏళ్ల రైతు, తనకూ కచేరీ వేసిన తేదీ ఒకటి, అమ్మ చెప్పిన తేదీ ఒకటి ఉన్నాయని, ఈ సంగతి టీవీలో వస్తుందని అనుకోలేదని వణుకుతున్న అక్షరాలతో రాశాడు. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ నుంచి ఒక తెలుగు డాక్టరు గారు మూడు పేజీలు రాశారు. బ్రెంట్ వాటిని చదివి, వెంటనే త్రివేణికి ఫోన్ చేశాడు. వచ్చే ఏడాది కంటిన్యుటీకి ఇంకొకరిని చూసుకుంటామన్నాడు. ఆమె నోట్‌బుక్ మూసింది. మీరు కథ రాసే గదిలో కూర్చోండి అన్నాడు.

జనవరిలో మొదటి సమావేశం. డెరిక్ ఆమెకు కుర్చీ లాగాడు. కోలీన్ కొత్త కథలో మొదటి పేజీ చదవడం మొదలుపెట్టింది. మూడో వాక్యం దగ్గర త్రివేణి చెయ్యెత్తింది.

ఎవరూ నిట్టూర్చలేదు. అందరూ పెన్నులు తీశారు.