పూడ్చని మగ్గం గుంట

మా పొరుగింటి మగ్గం తాతగారు పోయి నెల దాటింది. ఆయన పోయిన మర్నాడు నేను ముక్తేశ్వరం రేవులో పడవ దిగుతుంటే సరంగు చెప్పాడు: "మీ తాతగారు లేరండీ. మూడు రోజులే జ్వరం." ఆయన నాకు చుట్టం కాదు. చిన్నప్పటి నుంచి మా గోడ అవతల వినిపించిన మగ్గం చప్పుడు ఆయనది. పత్రికకు వార్తలు రాసేవాణ్ణి కనుక చూసినవే రాస్తాను.

మా వీధిలో ప్రతి నేత ఇంట్లోనూ ఒక గుంట ఉండేది. నేతగాడు నేల మీద కూర్చుని అందులోకి కాళ్లు దించి మగ్గం తొక్కాలి. సర్కారు మగ్గానికి పన్ను వేసింది. ఆ కాలంలోనే ఇంగ్లండు నుంచి యంత్రాల మీద నేసిన బట్ట ఓడల్లో దిగింది. అది మన నేతకంటే చవక. మన బట్ట అమ్ముడుపోకపోయినా, గుంట కనిపిస్తే పన్ను తప్పేది కాదు. అందుకని వీధివాళ్లు మగ్గాలు విప్పి అటకెక్కించి, గుంటలు పూడ్చి, పైన పేడతో అలికేశారు.

తాతగారు పూడ్చలేదు.

"పంతం తిని బతుకుతావా మావా?" అన్నాడు ఎదురింటాయన.

"ఆయ్, మీ ఇంట్లో గంజికంటే మా పంతమే చిక్కగా ఉంది అల్లుడూ."

సర్కారు బంట్రోతు వచ్చిన రోజు నేను అరుగు మీదున్నాను. తాతగారు గుంటలోంచి లేవలేదు. "మగ్గం ఉందండి, రాసుకోండి," అన్నారు. పన్ను కట్టలేకపోతే బంట్రోతు ఇత్తడి బిందె పట్టుకుపోయాడు. ఎందుకు దాచలేదని అడిగాను.

"దాచితే నేను సాలెవాణ్ణి కాదని సర్కారువారు రాసుకుంటారండి. నాలుగేళ్లకి నేనూ అదే నమ్ముతాను."

కొన్నేళ్లకు ఆ పన్ను ఎత్తివేశారు. అప్పటికి గుంటలు పూడ్చినవాళ్లలో చాలామంది కాలవ తవ్వకాలకు, అక్కడి నుంచి ఓడెక్కి మారిషస్ చెరకుతోటలకు వెళ్లిపోయారు. తాతగారి కొడుకూ భార్యను ఇంటి దగ్గర వదిలి వెళ్లాడు. అక్కడ ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోస్తారని కబురు పంపాడు. తిరిగొచ్చి గుంట తవ్వుకున్నవాడు నాకు ఒక్కడూ కనిపించలేదు.

ఇంగ్లండులోనూ చేతినేతవాళ్లు యంత్రాల వల్ల పస్తులున్నారని చదివి, ఆయనకు చెప్పాను. ఆయన చేతిలో దారం నడిపే నాడె ఆగింది.

"అయితే వాళ్లూ మనోళ్లేనన్నమాట. మరి వాళ్ల గుంటలు పూడ్చేసేరాండీ?"

అక్కడి మగ్గాలకు గుంటలుంటాయో లేదో తెలియదన్నాను. "కనుక్కోండి," అన్నారు. ఆ తర్వాత కనబడ్డప్పుడల్లా అదే అడిగేవారు. నేను కనుక్కోలేదు.

నేతగాడు పోతే, అతని చోట కూర్చునే కొడుకు లేకపోతే, పదకొండో రోజున గుంట పూడ్చడం మా వీధి ఆచారం. ఎదురింటాయన గంపతో మట్టి తెచ్చాడు. తాతగారి కోడలు గుమ్మంలో నిలబడింది. మా వీధి ఆడవాళ్లు రాట్నం తిప్పుతారు, దారం కండెలు చుడతారు. మగ్గం గుంటలో కూర్చోరు.

"అక్కడే దించండి అన్నయ్యగారూ."

"మావ పోయేడు చెల్లెమ్మా. ఇంకెవరు నేస్తారు?"

"దించమన్నాను కదండీ."

ఆమె లోపలికి వెళ్లి, గుంటలోకి కాళ్లు దించి కూర్చుంది.

మొదటి రోజు దారాలు చాలా తెగాయి. ఇప్పుడు తక్కువ తెగుతున్నాయి. చప్పుడు గోడ ఇవతలికి వినిపిస్తోంది. ఆ గంప వాకిట్లోనే ఉంది. వానలకు అందులో గడ్డి మొలిచింది.