మహమూదా బేగం తెరిపించిన షాదీఖానా

కోరుట్లలో తను ఉండే గల్లీ చుట్టుపక్కల ఏ ముస్లిం ఇంట్లో ఆడమనిషి పోయినా మహమూదా బేగానికి కబురు వచ్చేది. శవానికి చివరి స్నానం, గుసుల్ చేయించే పని అత్త దగ్గర నేర్చుకుంది. దానికి ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేది కాదు. మిగతా రోజుల్లో అందరిలాగే చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేది. చావు చూసి జంకే మనిషి కాదు.

నాహీద్ పోయినప్పుడు మాత్రం జంకింది.

అదే గల్లీలో ఉండే నాహీద్ ఇంకా నడివయసుకు రాలేదు. ఆ రోజు మధ్యాహ్నమంతా రేకుల గదిలో బీడీలు చుడుతూ కూర్చుంది. పంకా వేస్తే తంబాకు పొడి లేచిపోతుందని వేయలేదు. ఎండ తగ్గే వేళకు గోడకు ఒరిగి ఏదేదో మాట్లాడింది. నిద్ర లేక అలా అయిందేమోనని ఇంట్లోవాళ్లు పడుకోబెట్టారు. మళ్లీ లేవలేదు. గుసుల్‌కు కూర్చుని నీళ్లు పోస్తే ఒళ్లు ఇంకా కాలుతోంది. మహమూదా చేయి వెనక్కి లాక్కుంది. బయట మగవాళ్లు గుండెపోటు అనుకుంటున్నారు.

తర్వాత ఆశా కార్యకర్త అఖిల ఆ గల్లీకి వచ్చింది. ఎండదెబ్బ తగిలే ప్రమాదం ఎవరెవరికి ఉందో ఇల్లిల్లూ చూసి రమ్మని దవాఖానావాళ్లు పంపారు. మహమూదా ఆ ఒంటి వేడి సంగతి చెప్పింది.

"అది ఎండదెబ్బనే అయ్యుంటది పెద్దమ్మా," అంది అఖిల. "మాట తడబడ్డప్పుడే తడిబట్టలు కప్పి, ఇసురుకుంట దవాఖానకు ఉరకాలె. పండుకోబెట్టొద్దు."

"గట్ల చేస్తే బతుకుతుండెనా?"

"బతుకుతుండెనేమో." అఖిల తల దించుకుంది. "ఏటికేడు ఎండలు ముదురుతున్నయి. పగటిపూట నీడకు ఉండుమని చెప్పు అందరికి."

"రేకుల కింద నీడ ఏడున్నది బిడ్డా?"

అఖిల తన జాబితాలో ఆ ఇల్లు రాసుకుని పక్కింటికి వెళ్లింది.

మహమూదాకు షాదీఖానా గుర్తొచ్చింది. మందపాటి స్లాబు, పెద్ద కిటికీలు. పెళ్లిళ్లు లేని రోజుల్లో తాళమే. పక్కింటి కనకవ్వను వెంటబెట్టుకుని షాదీఖానా కమిటీ పెద్ద అబ్దుల్ వహాబ్ బట్టల దుకాణానికి వెళ్లింది. పెళ్లిళ్లు లేని రోజుల్లో పగలు షాదీఖానా తెరవమని, కనకవ్వకు కూడా అర్థం కావాలని తెలుగులోనే అడిగింది.

"ఆడోళ్లు ఆడ కూసోని బీడీలు చుడితే తంబాకు వాసన పోతదా?" అన్నాడు వహాబ్. "రేపు పెండ్లోళ్లు నన్నడుగుతరు."

"వహాబ్ భాయ్, మీ అమ్మకు గుసుల్ చేసింది నేనే. మీ చెల్లెకు చేసింది నేనే. ఎన్నడన్న మిమ్ముల ఏమన్న అడిగిన్నా?"

వహాబ్ గల్లా పెట్టెలోంచి తాళంచెవి తీసి ఇచ్చాడు.

ఆ మధ్యాహ్నం నుంచే ఆడవాళ్లు చాటలు పట్టుకుని వచ్చారు. ఒకరోజు కనకవ్వే మాట తడబడి, చేతిలోని కత్తెర జారవిడిచింది. అందరూ చున్నీలు తడిపి కప్పి, విసురుతూ ఆటోలో దవాఖానాకు చేర్చారు. కనకవ్వ బతికింది. మహమూదా ఆ రాత్రి కడుపునిండా తిన్నది.

కానీ అవి పెళ్లిళ్ల రోజులు. ముందే మాట ఇచ్చిన పెళ్లి ఒకటి వచ్చింది. షాదీఖానా పెళ్లివాళ్లకు అప్పగించారు. మధ్యాహ్నం దావత్, పెళ్లి విందు. పొద్దున్నే మహమూదా ఇల్లిల్లూ తిరిగి, రేకుల మీద తడి గోనెసంచులు పరచమనీ ఎండెక్కాక పని ఆపమనీ చెప్పింది. రోజూ షాదీఖానాకు వచ్చే మెహ్రీన్ కూడా సరే అంది. ఆమెకు నెలలు నిండుతున్నాయి, తొలి కాన్పు. కార్ఖానాకు బీడీలు ఇవ్వాల్సిన రోజు కావడంతో ఆపలేకపోయింది.

మధ్యాహ్నం మహమూదా చూడబోయేసరికి మెహ్రీన్ చాట పక్కనే పడి ఉంది. నీళ్లు గుమ్మరించి ఆటో ఎక్కించింది. పెళ్లి బళ్లతో రోడ్డంతా నిండిపోయింది. ఆటో కదలలేదు. ఆటోకు దారి ఇమ్మని మహమూదా దిగి అరిచింది. బ్యాండు చప్పుడులో ఎవరికీ వినపడలేదు.

దవాఖానాలో మెహ్రీన్‌ను బతికించారు. బిడ్డ కడుపులోనే పోయింది.

వహాబ్ ఆ ఎండాకాలం మిగిలిన పెళ్లిళ్ల దావత్‌లన్నీ రాత్రికి మార్పించాడు. కొందరు గొడవపడ్డారు. అతను వినలేదు.

మెహ్రీన్‌ను తల్లిగారింటివాళ్లు తమ ఊరు రాయికల్ తీసుకెళ్లారు. కొన్నాళ్లకు మహమూదా చూడటానికి వెళ్లి మంచం అంచున కూర్చుంది. ఇప్పుడు పెళ్లి ఉన్న రోజు కూడా పగలు షాదీఖానా తెరుస్తున్నారా అని మెహ్రీన్ అడిగింది. తెరుస్తున్నారని మహమూదా చెప్పింది.

మెహ్రీన్ గోడవైపు తిరిగి పడుకుంది.