కిరణ్ జెండాబట్ట కోసం వర్తూరు నుంచి చిక్కపేట దాకా

నా పేరు గంగులమ్మ. వయసు డెబ్బై దాటింది. వర్తూరులో కొడుకు రామాంజి, కోడలు సుజాతతో ఉంటాను. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే నా మనవబిడ్డ కిరణ్ స్నేహితురాలు నస్రీన్ రాస్తోంది. వాళ్ళ బిడ్డ కిరణ్ డెంగీ జ్వరంతో పోయింది. మాలో దినాలనాడు పోయినవాళ్ళ ఫొటో ముందు కొత్తబట్ట పెడతాం, అది వాళ్ళకు చేరుతుందని. రామాంజి పంచె తెచ్చాడు. కానీ తనది జెండర్‌ఫ్లక్స్ అని కిరణ్ నాకు ఎప్పుడో చెప్పింది. ఒకరోజు ఆడతనం నిండుగా, ఒకరోజు కొంచెంగా, ఒకరోజు మగతనం, ఒక్కోరోజు ఏదీ లేకుండా. స్టవ్ మంట పెంచి తగ్గించినట్టు. పంచె ఆ బిడ్డకు చేరదు. అలాంటివాళ్ళకు ఆరు రంగుల జెండా ఒకటుంది. అందుకే ఆ జెండా కుట్టించి పెడదామని నస్రీన్‌తో బయల్దేరాను.

ఉదయం తొమ్మిదికి మెజెస్టిక్ బస్సెక్కాం. ఈ రాష్ట్రపు ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్ ఉచితం. కిరణ్ ఆధార్‌లో మగ అని ఉండేది, ఎప్పుడూ డబ్బిచ్చే ఎక్కేది. ట్రాఫిక్‌లో రెండు గంటలు పట్టింది. మెజెస్టిక్ నుంచి మెట్రోలో బట్టల కొట్లుండే చిక్కపేట ఒక్క స్టేషనే. పెద్ద కొట్లవాళ్ళు చిన్న ముక్కలు చించివ్వం అన్నారు. సందులో ఒక మ్యాచింగ్ కొట్టు దొరికింది.

"ఏమవ్వా, జాకెట్టుకా?"

"జెండాకప్పా. ముదురు గులాబీ, లేత గులాబీ, బూడిద, లేత నీలం, నీలం, పసుపు."

"ఏ పార్టీదవ్వా? ఓట్లు కూడా లేవే!"

"నా మనవబిడ్డది. పోయింది."

అతను రంగుల తానులు ఒక్కొక్కటీ దించాడు. తర్వాత, "బూడిద వద్దులే అవ్వా, కళ ఉండదు. బంగారు రంగు ఉండాది, చూడు," అన్నాడు.

"ఆడా మగా ఏదీ కాని రోజులకు ఆ రంగు. అది తీసేస్తే ఆ రోజుల్లో నా బిడ్డ బతకనట్టేనా? చించప్పా!"

మెట్ల కింద దర్జీ మూడొందలకు కుట్టిచ్చాడు. చీకటి పడేసరికి ఇల్లు చేరాం.

మర్నాడే దినాలు. జెండా చూసి రామాంజి మండిపడ్డాడు.

"మగబిడ్డకు గుడ్డపీలికలు పెడతావామ్మా? నలుగురూ నవ్వరా?"

"నలుగురికి కాదురా పెట్టేది."

వాడు జెండా మీద పంచె పరిచాడు. సుజాత తలెత్తలేదు. పెట్టిన బట్టను తర్వాత ఇంట్లో ఒకరు కట్టుకోవాలి. రామాంజి పంచె కట్టుకున్నాడు. జెండా నేలమీదే ఉండిపోయింది. నేను తీసి భుజాల నిండా కప్పుకున్నాను.

"దాంతో వీధిలోకి పోవద్దు."

"పోతాను. అడిగినోళ్ళకు చెప్తాను గూడా."

ఆ రోజు నుంచి వాడికీ నాకూ మాటల్లేవు. ఉతికి ఆరేస్తే తీసి లోపల పడేస్తాడు, నేను మళ్ళీ ఆరేస్తాను. బిడ్డకు చేరిందో లేదో తెలియదు. పంచె కిందున్నది ఎలా చేరుతుంది? ఇలాంటి పనిమీద వెళ్ళేవాళ్ళు ఆదివారం పోకండి, చాలా కొట్లు మూసుంటాయి. రంగులు ఫోన్‌లో చూపించి, అరమీటరు చొప్పున లైనింగ్ గుడ్డ అడగండి. ఇక నా మాట ఇది. నేను పోయినప్పుడు ఈ బట్ట నాతో పంపాలి. నేనే బిడ్డ చేతికిస్తాను.

గంగులమ్మ ఎడమ బొటనవేలి ముద్ర
చూసినవాళ్ళు: నస్రీన్, పక్కింటి మునిరత్నమ్మ