మణికట్టు మీద ‘కావున’

మా నాన్నగారు గుడివాడలో ముప్ఫై ఏళ్ళు లెక్కల మాస్టారుగా చేశారు. బోర్డు మీద ఒక్కో మెట్టూ రాసుకుంటూ వచ్చి, చివర పైన ఒకటి, కింద రెండు చుక్కలు పెట్టి, "కావున" అని పిల్లలందరి చేతా గట్టిగా అనిపించేవారు. లెక్కల్లో ఆ మూడు చుక్కలకు అర్థం అదే.

రిటైరైన మూడో ఏడు ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. మాట పోయింది. బందరు కాలేజీలో నేనూ లెక్కలే చెప్తాను. సెలవు పెట్టి వెళ్ళి ఆయన ఒళ్ళో ఓ పలక పెట్టాను. ఎడమచేత్తో అక్షరాలు కుదరక, రెండు వారాలు పిచ్చిగీతలు గీసి చెరిపేసుకున్నారు. ఒక మధ్యాహ్నం మబ్బు పట్టింది. నాన్నగారు కిటికీలోంచి ఆకాశం చూపించి, పలక మీద మూడు చుక్కలు పెట్టి, దండెం మీది బట్టల వైపు వేలు చూపించారు. అమ్మ పెరట్లోకి ఒకటే పరుగు. ఆ రోజు ముగ్గురం చాలాసేపు నవ్వుకున్నాం.

తరువాత ఏడాదిన్నర ఆయన ఆ చుక్కలతోనే మాట్లాడారు. ఖాళీ గ్లాసు చూపించి చుక్కలు పెడితే ఇంకో కాఫీ. నా వాచీ చూపించి పెడితే, ఇక బయల్దేరు, బస్సు తప్పిపోతుంది అని.

ఆయన పోయాక నేను ఏడవలేదు. కర్మకాండలు, పెన్షన్ కాగితాలు, అమ్మను బందరు తెచ్చుకోవడం, పని మీద పని. ఆరు నెలలకు బెజవాడలో ఒక టాటూ షాపుకి వెళ్ళి ఎడమ మణికట్టు మీద ఆ మూడు చుక్కలు వేయించుకున్నాను. "ఇంతేనా మేడం? పక్కన సీతాకోకచిలుక వేద్దామా?" అన్నాడతను. వద్దన్నాను. స్టాఫ్‌రూమ్‌లో అడిగినవాళ్ళకు ఊరికే వేయించుకున్నానని చెప్పాను.

ఈ మధ్య పరీక్షల డ్యూటీకి కోడూరు బస్సెక్కాను. చల్లపల్లిలో ఒక పెద్దావిడ ఖాళీ చేపల తట్టతో ఎక్కి నా పక్కన కూర్చుంది. హంసలదీవి దగ్గర పల్లె అట. మోపిదేవి దాటాక నా చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది.

"ఈ పచ్చబొట్టు ఎవరు పొడిచారమ్మా నీకు?"

"మిషన్‌తో వేశారండీ."

ఆవిడ తన చెయ్యి పక్కన పెట్టింది. అచ్చం అవే మూడు చుక్కలు, పాతబడి పచ్చగా అలుక్కుపోయి.

"ఉప్పెనప్పుడు నాకు నాలుగేళ్ళు. అమ్మా అయ్యా పోయారు. నన్నెవరో తెచ్చి, దిక్కులేని పిల్లల్ని ఉంచిన బళ్ళో దించారంట. భయానికి నోరు పడిపోయి పేరు కూడా చెప్పలేదంట. మా మేనత్త ఎతుక్కుంటా వచ్చింది. నన్నెప్పుడూ చూడలేదామె. పిల్లకి మూడు చుక్కలు పొడిపించామని మా అయ్య చెప్పిన మాటొక్కటే ఎరుక. పిల్లలందరి చేతులూ తిప్పి చూసుకుంటా వచ్చి నా దగ్గర ఆగిందంట. చుక్కలున్నాయి కాబట్టి ఇది మా అన్న బిడ్డే, ఇచ్చెయ్యండి అని ఎత్తుకుపోయింది."

"మా లెక్కల్లో కూడా ఈ చుక్కలంటే కాబట్టి అనే అర్థమండీ" అన్నాను.

"లెక్కల్లోనా!" అని ఆవిడ నవ్వింది. "మరి నువ్వెందుకు పొడిపించుకున్నావు?"

పలక సంగతి, బట్టల సంగతి చెప్పడం మొదలుపెట్టాను. కాఫీ దగ్గరికొచ్చేసరికి ఏడుపు ఆగలేదు. అవనిగడ్డ దాకా అలా ఏడుస్తూనే ఉన్నాను. ఆవిడ నా చెయ్యి వదల్లేదు. ఊరుకోమని కూడా అనలేదు. కాసేపటికి ముందు సీటువాళ్ళనడిగి మంచినీళ్ళ సీసా ఇప్పించింది.

సాయంత్రం ఇంటికొచ్చి అమ్మకు అంతా చెప్పాను. అమ్మ నా చెయ్యి తిప్పి చుక్కలు చూసింది. తరువాత అడిగింది.

"ఆ మేనత్త బాగానే చూసుకుందటా?"

"అడిగానమ్మా. బడికి పంపలేదట గానీ, తన పిల్లలతో పాటే పెంచి పెళ్ళి చేసిందట. ముసలితనంలో ఆమెను ఈవిడే చూసుకుందట."

"పోన్లే" అంది అమ్మ.